చాప మూల

పిల్లలు ఎందుకు కొట్టుకుంటారని అడిగితే ఎవరికైనా నవ్వే వస్తుంది. పిల్లలు కాబట్టి కొట్టుకుంటారు. పెద్దయ్యాక మానేస్తారు, లేదంటే కోర్టుకెక్కి కొట్టుకుంటారు. ఇంతోటి సంగతి కనిపెట్టడానికి ఒక మనిషికి జీతమిచ్చి, గదిచ్చి, ఆ గదికి అద్దం బిగించి మరీ కూర్చోబెట్టాలా అని చాప మేడమ్‌ని పెళ్ళయిన కొత్తలో ఆవిడ మామగారు అడిగారు. ఎగతాళిని ఎగతాళిగా తీసుకునే మనిషి కాదావిడ. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, "కూర్చోబెట్టాలి మామయ్యగారూ, ఎందుకంటే..." అని మొదలుపెట్టి ఆయన కాఫీ చల్లారి తరక కట్టేదాకా చెప్పింది. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ కోడల్ని ఒంట్లో ఎలా ఉందని తప్ప ఇంకేమీ అడగలేదు.

చాప మేడమ్ అన్నది పిల్లలు పెట్టిన పేరు. మరీ చిన్నవాళ్ళు నోరు తిరగక చేప మేడమ్ అనేవాళ్ళు, ఆవిడ దానికీ పలికేది. చదివింది మనస్తత్వ శాస్త్రం. ఉద్యోగం విశ్వవిద్యాలయం వాళ్ళు నడిపే ఓ పసిపిల్లల బడిలో. పసివాళ్ళకి ఎదుటివాళ్ళ మీద చెయ్యి ఎందుకు లేస్తుందో చూడటం, లేవకుండా చేసే దారేమైనా ఉందేమో వెతకడం ఆవిడ పని. ఇంకే పని మీదా ఆవిడకి మనసు పోలేదు. దానికో కారణముంది. ఆవిడ అన్నయ్య చిన్నప్పుడు కనిపించినవాణ్ణల్లా కొట్టేవాడు. పెద్దయ్యాకా కొట్టాడు. ఒకరోజు కొట్టిన దెబ్బకి అవతలి మనిషి మళ్ళీ లేవలేదు. అన్నయ్య జైలుకి వెళ్ళి జైల్లోనే పోయాడు. వాడి పుట్టుకే అంత అని ఇంటిల్లిపాదీ అనుకుని ఊరుకున్నారు. ఆవిడ ఒక్కతే ఊరుకోలేదు. పుట్టుకతో ఎవరూ అలా ఉండరని, సరైన వయసులో ఎవరో ఒకరు పట్టించుకుని ఉంటే అన్నయ్య ఇంట్లో మామూలుగా ముసలివాడయ్యేవాడని నమ్మింది. ఆవిడ బతుకంతా ఆ ఒక్క నమ్మకం మీద నిలబడింది.

అద్దం ఒకవైపు నుంచే కనిపించే రకం. పిల్లలకి అది ఉత్త అద్దం. దాని ముందు నిలబడి నాలుకలు బయటపెట్టేవాళ్ళు, ముక్కు ఆనించి వింత ముఖాలు పెట్టేవాళ్ళు. వెనక చీకటి గదిలో ఉన్న మేడమ్‌కి అది కిటికీ. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం మీద నిలువు వరసలు: కొట్టడం, తన్నడం, కొరకడం, రక్కడం, తోయడం. ఏది జరిగితే దాని కింద ఓ గీత. గీత గీయడం తప్ప ఇంకేమీ చేయకూడదు. అవతల ఒకడు ఇంకొకడి చెవి కొరికి చేతిలో పెడుతున్నా సరే, అద్దం వెనక మనిషి లేవకూడదు. లేస్తే లెక్క చెడుతుంది. కుర్చీలో కదిలితే కిర్రుమనేది, పిల్లలు ఠక్కున అద్దం వైపు తిరిగేవాళ్ళు. అందుకని మేడమ్ కుర్చీ తీయించేసి ఇంటి నుంచి ఓ చాప తెచ్చి వేసుకుంది.

ఆ చాప చీకటి గదిలోంచి వెలుతురులోకి రావడానికి కారకుడు పిడుగు. వాడికో అసలు పేరు ఉండేది గానీ, హాజరు పిలిచేటప్పుడు తప్ప దాన్నెవరూ వాడలేదు. అయిదేళ్ళవాడు. వాళ్ళింట్లో మాట కంటే ముందు బెల్టు వచ్చేది. బడిలో చేరిన మొదటి వారంలోనే ఆయమ్మకి తల ప్రాణం తోకకి తెచ్చాడు. ఒకరోజు వాడు విసిరిన చెక్క దిమ్మకి ఓ పిల్ల నుదురు చిట్లింది. ఆయమ్మ ఆ పిల్లని ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. మిగతా పిల్లలు గోడకి అతుక్కుపోయారు. గది మధ్యలో పిడుగు ఒక్కడే మిగిలాడు. ఇంకెవర్ని కొట్టాలో తోచక తన మణికట్టునే కొరుక్కోవడం మొదలుపెట్టాడు. మేడమ్ పెన్సిలు ఆగిపోయింది. తన చేతిని తనే కొరుక్కుంటే ఏ వరసలో గీత గీయాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

అప్పుడావిడ లేచింది. చాప చుట్టి చంకలో పెట్టుకుని అద్దం వెనక నుంచి బయటికొచ్చి, గది మూలలో పరిచి, పిడుగుని ఎత్తుకొచ్చి దాని మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది. వాడు తన్నాడు. రక్కాడు. ఆవిడ కళ్ళజోడు లాగి విసిరికొడితే దాని కాడ విరిగింది. ఆవిడ కిక్కురుమనలేదు. అదేదో గొప్ప పద్ధతని కాదు, ఏమనాలో తెలియక. చాలాసేపటికి వాడికి ఓపిక అయిపోయింది.

"నువ్వెప్పుడు వెళ్తావ్?" అన్నాడు.

"నువ్వు లేచినప్పుడు" అంది.

వాడు కాసేపు ఆలోచించి, లేవకుండా అలాగే ఆవిడ మోచేతికి తల ఆనించాడు. ఆ రోజు లెక్క పూర్తిగా చెడిపోయింది.

అలా పుట్టింది చాప మూల. దాని నియమాలు మూడే. మూలకి తలుపుండదు. పెద్దవాళ్ళెవరో ఒకరు పక్కన కూర్చోవాలి. పిల్లలు నోరు విప్పేదాకా పెద్దవాళ్ళు విప్పకూడదు. ఇంత చిన్న సంగతి మీద ఆవిడ పెద్ద గ్రంథమే రాసింది, అది చదివినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆవిడ భర్త ఓ బళ్ళో లెక్కల మాస్టారు, నోరు ఊరుకోని మనిషి. "ఇంత చదువూ చదివి చివరికి చాపలు పరిచే ఉద్యోగం సంపాదించావోయ్" అనేవాడు. అంటూనే, తన తరగతిలో అల్లరివాడు ఒకడు తిరగబడ్డప్పుడు, చాప లేక తన కండువా పరిచి పక్కన కూర్చున్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడి మూడు రోజులు దాచాడు.

చాప మూల వల్ల ప్రపంచం మారిపోలేదు. కొందరు పిల్లలు మారారు, కొందరు మారలేదు. పిడుగు మారాడు. పెద్ద బడికి వెళ్ళాక కూడా దారిలో ఆగి మేడమ్ గదిలోకి తొంగి చూసి పోయేవాడు. మీసాలొచ్చాక సిటీ బస్సు డ్రైవరయ్యాడు. సిటీ బస్సు డ్రైవరంటే రోజుకి ఎంతమంది చేత తిట్లు తినాలో వేరే చెప్పక్కర్లేదు.

"చెయ్యి లేస్తుంది మేడమ్" అని ఓసారి చెప్పాడు. "ఎందుకు లేవదు, లేస్తుంది. బస్సులో ఉంటే స్టీరింగు గట్టిగా పట్టుకుంటా. కింద ఉంటే ఇదిగో, ఇలాగ." రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో కుక్కుకుని, భుజాలు పైకెత్తి చూపించాడు. "ఇట్లా నిలబడి చాపని తల్చుకుంటా. కాసేపటికి అదే పోతుంది."

ఆ రోజు మేడమ్ ఇంటికి వెళ్ళి, ఉల్లిపాయలు తరిగే వంక పెట్టుకుని కాసేపు ఏడ్చింది. అన్నయ్య పోయిన ఇన్నేళ్ళకి తన నమ్మకానికి ఓ మనిషి సాక్షిగా దొరికాడు. ఆవిడకి ఆ సాక్షి ఒక్కడు చాలు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అద్దం వెనక ఆవిడ పక్కనే కూర్చుని గీతలు గీయడం నేర్చుకున్న ఓ శిష్యురాలు ఉండేది. చురుకైన పిల్ల. ఆ పిల్ల పరీక్షలు రాసి, మెట్లెక్కి, విద్యాశాఖలో పెద్ద కుర్చీలో కూర్చుంది. కూర్చున్న మరునాడే గురువుగారి ఇంటికొచ్చింది.

"అన్ని బళ్ళలోనూ పెడదాం మేడమ్, చాప మూల. మీరు ఒక్క పేజీలో రాసివ్వండి చాలు. రెండో పేజీ మా దగ్గర ఎవరూ చదవరు."

మేడమ్ రాసింది. శిష్యురాలు చదువుతూ రెండో నియమం దగ్గర ఆగింది. "పక్కన మనిషి కూర్చోవాలి... ఇన్ని బళ్ళకి అంతమంది మనుషుల్ని నేనెక్కణ్ణుంచి తేను మేడమ్? ఈ ఒక్క మాట వల్ల ఫైలు తిరుగుటపాలో వెనక్కొచ్చేస్తుంది. ముందు 'వీలైనచోట' అని చేరుద్దాం. వీలైనచోట పెద్దవాళ్ళు పక్కన కూర్చోవాలి. మీ మాటా ఉంటుంది, ఫైలూ కదుల్తుంది."

మేడమ్ ఒప్పుకోలేదు. శిష్యురాలు మళ్ళీ వచ్చింది. మేడమ్ నీళ్ళు నమిలింది. మాస్టారు పక్క గదిలోంచి పేపరు దించకుండానే అన్నాడు. "నా సర్వీసంతా బళ్ళోనే గడిచింది. వీలైనచోట మొక్కలు పెంచమన్నారు, వీలైనచోట ఆటలాడించమన్నారు. మా బళ్ళో ఒక్క మొక్క చూశావా నువ్వు?"

"మీకన్నీ వెటకారాలే" అంది మేడమ్.

"వెటకారం కాదోయ్. నేను చూసింది చెప్తున్నా."

ఆవిడని తిట్టుకోవాలంటే ఇక్కడ తిట్టుకోవచ్చు. ఆవిడ కూడా ఆ తర్వాత ఆ పనే చేసింది. అప్పుడు మాత్రం ఆవిడ కళ్ళ ముందు ఉన్నది వేల బళ్ళు, ప్రతి బళ్ళోనూ గది మధ్యలో ఒంటరిగా నిలబడ్డ ఎవరో ఒకరి అన్నయ్య. అందరికీ అందాలి అనుకుంది. కొంచెం తగ్గినా ఫర్వాలేదు, అందరికీ అందితే చాలు అనుకుంది. ఆ 'వీలైనచోట' అన్న మాట చేర్చడానికి ఒప్పుకుంది.

ఆ తర్వాత జరిగినదానిలో దుర్మార్గులెవరూ లేరు. ప్రతి అడుగుకీ ఓ సబబైన కారణం ఉంది. మనుషులు లేరు కాబట్టి పిల్లలు మూలలో ఒంటరిగా కూర్చున్నారు. ఒంటరిగా కూర్చున్న పిల్లలు ఏడ్చి గోల చేస్తే పాఠం సాగలేదు, కాబట్టి మూల కాస్తా గదైంది. ఖాళీ గదులు ఎక్కడున్నాయి, మెట్ల కింద చీపుర్లు పెట్టుకునే కొట్టే ఖాళీ. పిల్లలు పారిపోయి వస్తున్నారని తలుపు పెట్టారు. తలుపు తోసుకు వస్తున్నారని బయట గడియ బిగించారు. లోపల భయపడి తడిపేస్తున్నారని చాప తీసేశారు. తలుపు మీద నీలం రంగు వేసి, తెల్ల మబ్బులు గీసి, కింద మేడమ్ పేరు రాయించారు, గౌరవార్థం.

మేడమ్‌కి ఇదేమీ తెలియదు. పదవీ విరమణ రోజున బళ్ళలో కొట్లాటలు ఎంత తగ్గాయో శిష్యురాలు వేదిక మీద చదివి వినిపిస్తుంటే, ముందు వరసలో మాస్టారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన ఆ ఏడాదే పోయాడు. ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి, ఇల్లు కదలడం మానేసింది. ఎంత ఒంటరిగా ఉన్నా, ఎక్కడో ఏదో బళ్ళో ఈ పూట ఓ పిల్లో పిల్లాడో చాప మీద ఎవరి మోచేతికో తల ఆనించి ఉంటారని తల్చుకుంటే మనసుకి నిబ్బరంగా ఉండేది. దాన్ని పట్టుకునే రోజులు వెళ్ళదీసింది.

ఓ ఉదయం పిడుగు వచ్చాడు. డ్యూటీ దుస్తుల్లో ఉన్నాడు, డ్యూటీకి వెళ్ళలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

పిడుగుకో కూతురు, ఆరేళ్ళది. పిడుగు కూతురు కాబట్టి అందరూ చినుకు అంటారు. తల్లి జబ్బుచేసి పోయి ఏడాది కాలేదు. అప్పటిదాకా బంగారంలాంటి పిల్ల, తల్లి పోయాక అయినదానికీ కానిదానికీ చెయ్యెత్తుతోంది.

"మీ గదిలో పెట్టి గడియ వేస్తున్నారు మేడమ్" అన్నాడు.

"గది కాదురా, మూల."

"మూలకి తలుపుండదు కదా మేడమ్."

"నువ్వు సరిగ్గా చూసుండవు."

"మీ పేరుంది మేడమ్, తలుపు మీద."

ఆవిడ చెప్పులు వేసుకుంది. బస్సులో పిడుగు ఆవిడ పక్క సీట్లో కూర్చుని, వేరే డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా తన కాలు నేలకి నొక్కుతూ ఉన్నాడు.

పెద్ద టీచరమ్మ గుమ్మం దాకా ఎదురొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. టీ తెప్పించింది. "మీ వల్లే ఈ బడి నడుస్తోంది మేడమ్, నిజంగా" అంది. ఆ మాటలో వెటకారం లేకపోవడం మేడమ్‌ని మరీ భయపెట్టింది. గది చూపించమంది. టీచరమ్మ సంతోషంగా చూపించింది. నీలం తలుపు, మబ్బులు, పేరు. ఆ సమయానికి లోపల ఎవరూ లేరు. ఫినాయిలు వాసన. మెట్ల వాలు వల్ల పెద్దవాళ్ళు నిలబడడానికి వీల్లేదు. తలుపు లోపలి వైపు, పిల్లల నడుం ఎత్తులో, రంగు లేచిపోయి చెక్క కనబడుతోంది.

"ఇక్కడ రంగెందుకు పోయింది?" అంది మేడమ్.

"తన్నుతారు కదండీ. కొత్తలో తన్నుతారు. తర్వాత అలవాటు పడతారు."

"పక్కన ఎవరు కూర్చుంటారు?"

పెద్ద టీచరమ్మ నొచ్చుకుంది. "ఒక్కో తరగతికి ఒక్క టీచరండీ. ఆవిడ ఒక్క పిల్ల పక్కన కూర్చుంటే మిగతావాళ్ళని ఎవరు చూస్తారు? మీరొచ్చి కూర్చుంటారా?"

"కూర్చుంటాను" అంది మేడమ్. "రేపట్నుంచి వస్తాను."

టీచరమ్మ ముఖం మారిపోయింది. బయటివాళ్ళని పిల్లలతో ఒంటరిగా ఉండనివ్వడం కుదరదు, ఆఫీసు నుంచి అనుమతి కావాలి. అది తప్పు పట్టాల్సిన నియమం కూడా కాదు.

మేడమ్ ఆఫీసుకి వెళ్ళింది. శిష్యురాలు లేచి నిలబడి తన కుర్చీ చూపించింది, ఆవిడ కూర్చోలేదు. మెట్ల కింద చూసినదంతా చెప్పింది. శిష్యురాలు మొత్తం విన్నది. విని, కళ్ళు నులుముకుంది. మనిషి బాగా అలిసిపోయి ఉంది.

"కొట్లాటలు తగ్గాయా లేదా మేడమ్?"

"తలుపేస్తే తగ్గవూ? లోపలున్నవాళ్ళు ఎవర్ని కొడతారు?"

"కంటికి కనిపించిందే లెక్క, మనం ఊహించుకున్నది లెక్క కాదు అని నాకు నేర్పింది మీరే. మీ వరసలే ఇప్పటికీ వాడుతున్నాం. కొట్టడం, తన్నడం, కొరకడం, రక్కడం, తోయడం. అన్నీ తగ్గాయి. అంతా బాగుందని కాగితం చెప్తుంటే, దేన్ని చూపించి ఆపమంటారు?"

"నేను నేర్పింది తప్పమ్మాయ్. నేను బయట కూర్చుని లెక్కపెట్టాను. ఆ పిల్లలకి లోపల ఏమవుతోందో నా కాగితంలో లేదు."

"ఆ మాట ఇన్నేళ్ళ తర్వాత చెప్తే ఎలా మేడమ్" అంది శిష్యురాలు. కోపంగా అనలేదు, దీనంగానే అంది. అనుమతికి దరఖాస్తు తీసుకుంది. కమిటీ ఉంటుంది, చూస్తారు అంది.

కమిటీ చూస్తూనే ఉండిపోయింది. ఈలోగా మేడమ్ అరిగిన మోకాళ్ళతోనే కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగింది. పత్రికలో వ్యాసం రాసింది. దానికి టీచర్ల సంఘం ఒంటికాలి మీద లేచింది; వాళ్ళ కష్టం వాళ్ళకుంది. చదివి మనసు కరిగినవాళ్ళు ఉన్నారేమో గానీ, ఇంటికి ఒక్కరూ రాలేదు. వచ్చింది ఒకే ఒక్కావిడ, పేపరు చేత్తో పట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని. చినుకు తరగతి పిల్లే. కనుబొమ్మ మీద, చినుకు కొట్టిన దెబ్బకి వేసిన కుట్ల గుర్తుంది.

"చూడండి మేడమ్, ఇంకొంచెం కిందికి తగిలితే కన్ను పోయేది. ఆ పిల్లని గదిలో పెట్టొద్దని రాశారు. సరే. మరి నా పిల్లని ఎక్కడ దాచుకోమంటారు?"

మేడమ్ దగ్గర జవాబు ఉంది. పక్కన ఓ మనిషి కూర్చుంటే మీ పిల్లకీ దెబ్బ తగలదమ్మా అని చెప్పొచ్చు. ఆ మనిషిని లేకుండా చేసింది తనే. ఆ పిల్లకి బిస్కెట్లిచ్చి పంపింది.

అన్నిటికంటే పెద్ద భయం పిడుగు గురించి. వేరే బళ్ళో వేద్దామంటే ఏ బడికి వెళ్ళినా అదే నీలం తలుపు, అవే మబ్బులు. డ్యూటీ ఎగ్గొట్టి వచ్చి బడి గేటు దగ్గర నిలబడుతున్నాడు.

"ఒక్క తన్ను తంతే ఊడొచ్చే తలుపు మేడమ్ అది. ఆ టీచరమ్మని..."

"ఆ తర్వాత?" అంది మేడమ్. "నువ్వు జైల్లో, అది ఆ గదిలో. చెయ్యి లేపావంటే నామీద ఒట్టు. అనుమతి రానీ, నేను కూర్చుంటాను. నీతో కూర్చోలేదూ?"

పిడుగు చాలాసేపు చేతులు జేబుల్లోంచి తీయలేదు. "మీరు కూర్చుంటే మారుతుంది మేడమ్. నాకు తెలుసు. మీకోసం ఆగుతా" అన్నాడు. నిజంగానే ఆగాడు. వాన వెలిసి, చలి వచ్చి, చలీ పోయేదాకా ఆగాడు. అంత ఓర్పు ఆవిడే నేర్పింది.

అనుమతి వచ్చింది. ఒక పూటకి, పరిశీలన నిమిత్తం. మేడమ్ అటక మీంచి పాత చాప దింపించి దుమ్ము దులిపింది. అంచులు పీలికలయ్యాయి గానీ చాప చాపే.

బడికి తీసుకెళ్తూ పిడుగు ఓ మాట చెప్పాడు. "ఈమధ్య కొట్టడం లేదంట మేడమ్. బాగైందంటున్నారు."

"ఇంట్లో ఎలా ఉంటోంది?"

"ఏమీ అనదు. అన్నం పెడితే తింటుంది. బట్టల అలమరలో కూర్చుని తలుపేసుకుంటుంది. నేను పిలిస్తే, ఇంకా టైం అవలేదు నాన్నా అంటుంది." మంచి కబురో చెడ్డ కబురో తేల్చుకోలేక ఆవిడ ముఖం వైపు చూశాడు. మేడమ్ చాపని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని చూసింది. చినుకు ఎవర్నీ కొట్టలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కవాడు రబ్బరు లాక్కున్నాడు. పిల్ల చెయ్యి సగం లేచింది, గాల్లో ఆగింది. అంతే, ఎవరూ ఏమీ అనకముందే తనంతట తను లేచి, బెంచీల మధ్య నుంచి నడిచి బయటికి వెళ్ళింది.

"చూశారా" అంది టీచరు మెల్లిగా, మెచ్చుకోలుగా. "ఇప్పుడు చెప్పక్కర్లేదు, తనే వెళ్తుంది."

మేడమ్ చాప తీసుకుని వెంట వెళ్ళింది. తల వంచి గదిలోకి దూరింది. చాప పరిచింది. గోడ పట్టుకుని ఎలాగో కూర్చుంది. తలుపు బార్లా తెరిచి ఉంచింది. ఏమీ మాట్లాడలేదు.

చినుకు గోడకి వీపు ఆనించి నిలబడింది. చాప మీద కాలు పెట్టలేదు. చాలాసేపటికి "వెళ్ళండి" అంది.

పిల్ల నోరు విప్పింది కాబట్టి మేడమ్ విప్పొచ్చు. "నీతో కూర్చుంటానమ్మా."

"ఇందులో ఒక్కళ్ళే ఉండాలి. రూలు."

"ఆ రూలు తప్పు తల్లీ. ఈ గది సంగతి చెప్పింది నేనే. ఇద్దరుండాలి."

"ఒక్కళ్ళే" అంది చినుకు. ఏమీ తెలియని మనిషికి నచ్చజెబుతున్నట్టు ఓపిగ్గా అంది. మేడమ్ కదల్లేదు. అప్పుడా పిల్ల తల వెనక్కి వేసి గోడకి కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది. పిల్ల పక్కకి జరిగి అక్కడ కొట్టుకుంది. ఎత్తుకోబోతే ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయి, ఇంకా గట్టిగా కొట్టుకుంది.

"వెళ్ళండి. గడియ పెట్టండి."

ఏ వరసలోనూ రాయడానికి వీల్లేని దెబ్బలు. వాటిని వెనకటికి ఒకసారి చూసింది, అప్పుడు పెన్సిలు పడేసి లేచి వచ్చింది. ఇప్పుడు లేచి వెళ్ళాల్సింది బయటికి. మేడమ్ చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి గది దాటింది. వెనకాలే చాపని కాలితో నెట్టేసి, చినుకు లోపలి నుంచి తలుపు మూసుకుంది. దెబ్బలు ఆగలేదు. ఆవిడ తలుపుకి చెయ్యి ఆనించి, చినుకూ, చినుకూ అని పిలిచింది. దెబ్బలు పెరిగాయి. మబ్బుల పక్కన ఉన్న గడియ మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని జరిపింది. అది పడిన చప్పుడు వినబడగానే లోపల అంతా సద్దుమణిగింది.

మేడమ్ చాప తలుపు బయట పరుచుకుని కూర్చుంది.

"వెళ్ళారా?" అంది లోపలి గొంతు.

"లేదమ్మా, ఇక్కడే ఉన్నా."

"వెళ్ళండి" అంది చినుకు.

గేటు దగ్గర పిడుగు ఎదురుచూస్తున్నాడు. ఆవిడ నడకలో తూలుతోందని పరుగెత్తుకొచ్చి చాప అందుకున్నాడు.

"మాట్లాడిందా మేడమ్?"

"మాట్లాడింది."

వాడి ముఖం విప్పారింది. ఇన్ని నెలల్లో ఆవిడ చూడని ముఖం, అయిదేళ్ళప్పటి ముఖం. "నాకు తెలుసు మేడమ్. మీరు కూర్చుంటే చాలు, మాట్లాడుతుందని నాకు తెలుసు. గడియ తీయించేశారా మరి?"

మేడమ్ వాడి కళ్ళలోకి చూడలేకపోయింది. వాడి భుజం మీది బస్సు కంపెనీ గుర్తుని చూస్తూ చెప్పింది.

"గడియ నేనే పెట్టానురా."

పిడుగు చాపని మెల్లగా గోడకి ఆనించాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.